కుంభాభిషేకం బురద మేటలో మడ మొక్కలు నాటొచ్చా?

కాకినాడ టీచర్:
మా స్కూల్ ఎకో క్లబ్ పిల్లలతో ఈ ఏడాది వెయ్యి మడ (మాంగ్రోవ్) మొక్కలు నాటించాలనుకున్నాం. ఇక్కడి సముద్ర తీరంలో కుంభాభిషేకం అనే చోటు వైపు పాటు వేళ నీళ్లు తీసేస్తే కనుచూపు మేర బురదే, ఒక్క చెట్టు ఉండదు. అక్కడ నాటుదామంటే మా సైన్స్ మేడమ్ ఒప్పుకోవట్లేదు. అది ఖాళీ నేల కాదు, పిట్టలు మేసే నేల అంటున్నారు. మొక్కలకు డబ్బిచ్చే దాత కూడా దొరికారు. మడ చెట్టు నాటడం తప్పెలా అవుతుంది? తెలిసినవాళ్లు చెప్పండి.

బలుసుతిప్ప వైపు:
నాటండి మాస్టారూ, ఆలోచించకండి. 1996 నవంబరు 6 తుఫాను రోజు మా మేనమామ వేటకు వెళ్లి తిరిగి రాలేదు. అమ్మ ఇప్పటికీ గాలి పెద్దదైతే తలుపు దగ్గరే కూర్చుంటుంది. మా పెద్దవాళ్లు ఒకటే చెబుతారు: మడ అడవి వెనకున్న ఊరికి గాలీ, అలలూ కొంత తగ్గి వస్తాయి, బట్టబయలుగా ఉన్న ఊరికి నేరుగా తగులుతాయి. ఆ పక్కన ఉప్పాడను సముద్రం కోసేస్తుంటే చూస్తూనే ఉన్నాం. దుమ్ములపేటలో ఇళ్ల స్థలాల కోసం మడ కొట్టేశారని 2020లో ఎంత గొడవైంది, గ్రీన్ ట్రిబ్యునల్ దాకా పోయింది. కొట్టేటప్పుడు అడ్డుపడాలి గానీ నాటేటప్పుడు ఎందుకండీ?

పిట్టల వెంట:
మేనమామ గారి సంగతి చదివి బాధేసింది. మడ అడవి విలువ మీద నాకూ వేరే మాట లేదు. కానీ ఆ మేడమ్ చెప్పింది నిజం.

మాస్టారూ, జనవరిలో ఒక ఉదయం పాటు మొదలయ్యే వేళకు వెళ్లి అక్కడ గంటసేపు కూర్చోండి. నీళ్లు వెనక్కి జరిగే కొద్దీ బురద మీద చిన్న చిన్న రంధ్రాలు కనబడతాయి. కాసేపటికి వాటిలోంచి ఒక కాలు మాత్రం కత్తెరలా పెద్దదిగా ఉన్న పీతలు బయటికొస్తాయి. ఆ వెనకే ఉల్లంకి పిట్టలు దిగుతాయి. పొట్టి ముక్కువి పైపైన ఏరుకుంటాయి. వంకర ముక్కు కర్లూ పిట్ట ముక్కంతా బురదలోకి దించి, తిప్పి, పురుగును లాగుతుంది. నీళ్లు మళ్లీ వచ్చేలోగా వాటి తిండి అయిపోవాలి.

వాటిలో గ్రేట్ నాట్ అని ఒకటుంది. ఈశాన్య సైబీరియాలో గుడ్లు పెట్టి, చలికాలానికి మన తీరానికి వస్తుంది. ప్రపంచంలో దాని సంఖ్య బాగా పడిపోయింది. దక్షిణ కొరియాలో సేమాంగమ్ దగ్గర 33 కిలోమీటర్ల గోడ కట్టి 2006లో బురద మేటను సముద్రం నుంచి మూసేశారు. దారిలో ఆగి తినే చోటు పోయింది. ఇండియన్ స్కిమ్మర్ కూడా చలికాలంలో కాకినాడ దగ్గరికి వస్తుంది. కింది ముక్కు పై ముక్కు కంటే పొడవు, నీళ్లను కోస్తూ ఎగురుతూ చేపను పడుతుంది. ఎగిరే వేళ కాక మిగతా సమయమంతా ఇలాంటి బట్టబయలు మేటల మీదే గుంపుగా కూర్చుంటుంది. చుట్టూ చెట్లుంటే వచ్చే శత్రువు కనబడదు కాబట్టి దిగదు.

ఇంకో మాట. సముద్రం వైపు పల్లంగా ఉన్న బురదలో నీళ్లు చాలాసేపు నిలుస్తాయి. లేత మొక్క ఊపిరాడక చస్తుంది, లేదా అల పీకేస్తుంది. అక్కడ మడ రాగలిగితే ఇన్నాళ్లలో దానంతటదే వచ్చేది. విత్తనాలు రోజూ నీళ్ల మీద తేలుతూ వస్తూనే ఉన్నాయి కదా.

బలుసుతిప్ప వైపు:
పిట్టలకు తిండి కావాలి, ఒప్పుకున్నా. మనుషుల ప్రాణం సంగతేంటి?

పోటుపాటు:
కోరంగి అడవిలో కాలువల పనికి వెళ్లినవాణ్ణి, నాకు తెలిసింది చెబుతా. ఖాళీలు రెండు రకాలండీ. సముద్రం వైపుది ఎప్పుడూ బురదే. అడవి లోపలిది ఒకప్పుడు అడవే. పూర్వం కూపుల పద్ధతిలో ఒక్కో ముక్క మొత్తం నరికేవారు. నీడ పోయి నేల ఎండి కుంగిపోయింది. పోటు నీళ్లు ఆ గుంటలోకి వచ్చి బయటికి పోలేక ఎండకు ఇగిరి, ఉప్పు తేలిపోయింది. అందులో ఏదీ మొలవదు.

1990ల్లో స్వామినాథన్ ఫౌండేషన్ వాళ్లూ అటవీ శాఖా ఊళ్లవాళ్లతో కలిసి ఇలాంటి చోట్ల కాలువలు తవ్వించడం మొదలుపెట్టారు. మధ్యలో పెద్ద కాలువ, రెండు పక్కలా ఏటవాలుగా చిన్నవి, చేప ముల్లులా. పోటుకు నీళ్లు వస్తాయి, పాటుకు పోతాయి. ఉప్పు కడుక్కుపోతుంది. ఆ గట్ల మీద తెల్ల మడ నాటితే బతుకుతుంది. ఆ ఆకు తిప్పి నాలుకకు తగిలిస్తే ఉప్పగా ఉంటుంది, చెట్టే ఉప్పును బయటికి నెడుతుంది. పిల్లలకు అది చూపించండి. తిల్ల చెట్టు దగ్గరికి మాత్రం పోనివ్వకండి, పాలు కళ్లలో పడితే ప్రమాదం.

అన్నిటికంటే పెద్ద పని ఆ కాలువల పూడిక తీయడం. పూడితే మళ్లీ మొదటికే వస్తుంది. దానికి దాతలు దొరకరు, మొక్క పట్టుకుని ఫొటో దిగడానికైతే దొరుకుతారు. గేదెలు లేత మొక్కలు మేసేయకుండా చూడటం రెండో పని.

పిట్టల వెంట:
బలుసుతిప్ప గారూ, ఊరికి రక్ష కావాలంటే ఊరికీ పాయకీ మధ్య చచ్చిపోయిన మడను బతికించాలి. బావురు పిల్లికీ, నీటికుక్కకూ, మండపీతకూ కావలసింది కూడా ఆ అడవే. కోరంగిని 1978లో అభయారణ్యం అన్నారు, 235 చదరపు కిలోమీటర్లకు పైనే ఉంది. అందులో చెట్లూ, పాయలూ, బురదా అన్నీ ఉన్నాయి. ముందున్న బురద మేట కూడా అల జోరును కొంత తగ్గిస్తుంది. అదీ మీ ఊరికి పనికొచ్చేదే.

కాకినాడ టీచర్:
మేడమ్‌కి సారీ చెప్పాను. అటవీ శాఖ వాళ్లను అడిగి లోపల కాలువ గట్టు మీద చోటు చూపించమంటాం. వెయ్యి కాదు, రెండొందలు నాటి మూడేళ్లు చూసుకుంటాం. కుంభాభిషేకానికి జనవరిలో బైనాక్యులర్స్‌తో వెళ్తాం. దాతకు ఎలా చెప్పాలన్నదే టెన్షన్, పూడిక తీతకు ఇస్తారేమో అడుగుతాను.

బలుసుతిప్ప వైపు:
మా ఊరి వెనక పాయ పక్కన అలాంటి ఉప్పు గుంట ఒకటుంది మాస్టారూ. చిన్నప్పుడు అక్కడ మడ ఉండేదని అమ్మ చెబుతుంది. అటవీ శాఖ వాళ్లకు అది కూడా చూపించండి. పర్మిషన్ వస్తే పిల్లల్ని తీసుకురండి, పడవ సంగతి నేను చూస్తా.