దెబ్బ తగలకముందా, తగిలాకనా: రియాక్షన్ ఎప్పుడు ప్రకటించాలి?

పెన్నాతీరం, నెల్లూరు:

మిత్రులకు నమస్కారం. మాగుంట లేఅవుట్‌లో ఒక స్నేహితుని ఇంట్లో మేము అయిదుగురం ఆదివారాల్లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాత్రలు ధరించి, పాచికలు వేస్తూ కథ నడిపే బల్ల ఆట) అయిదవ ఎడిషన్ ఆడుతున్నాము. 2014 నాటి నియమాలనే పాటిస్తున్నాము, కథ నడిపి తీర్పులు చెప్పే గేమ్ మాస్టర్‌ను నేనే. ఉదయగిరి దుర్గాన్ని మనసులో పెట్టుకుని అల్లిన ఒక కొండకోటలో ప్రస్తుత కథ నడుస్తున్నది. కోట రెండవ ద్వారం దగ్గర జరిగిన పోరులో రియాక్షన్ల (ఏదైనా జరిగినప్పుడు, తన వంతు కాకపోయినా వెంటనే చేసే చర్యల) గురించి తలెత్తిన వాదం ఇంకా తెగలేదు కనుక ఇక్కడ అడుగుతున్నాను.

ఓగర్ అనే ఒక భారీ రాక్షసజీవి మా విజార్డ్ (మాంత్రిక పాత్ర) మీదికి గద ఎత్తింది. ఇరవై ముఖాల పాచికలో 11 పడింది, దానికి ఓగర్ దాడికి ఉన్న 6 కలిపితే 17 అయింది, విజార్డ్ ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలాలంటే అందుకోవలసిన సంఖ్య) 15. నేను "తగిలింది, 13 డ్యామేజీ" అని ఒక్క మాటలో చెప్పేశాను. అప్పుడు విజార్డ్ ఆడుతున్న అమ్మాయి షీల్డ్ మంత్రం వేస్తానన్నది. ఆమె పక్కనే డాలు పట్టుకుని నిలబడిన ఫైటర్, తనకు ప్రొటెక్షన్ శైలి ఉన్నది కాబట్టి ఆ దాడికి డిసడ్వాంటేజ్ ఇవ్వవలసిందేనన్నాడు. బార్డ్ (గాయక పాత్ర), ఒక పాచిక వేసి దాడి సంఖ్యను అంత తగ్గించే కటింగ్ వర్డ్స్‌ను గుర్తు చేశాడు. ఇదంతా విన్న రోగ్ (దొంగ పాత్ర), తన మీద దెబ్బ పడిన రోజున ఎంత డ్యామేజీ వచ్చిందో చూసుకున్న తరువాతే అన్‌కానీ డాడ్జ్ వాడాలో వద్దో తేల్చుకుంటానని ముందుగానే ప్రకటించాడు.

ఈ నాలుగింటికీ వర్తించే ఒకే నియమం ఉన్నదా? పాచికలో పడిన సంఖ్యను ఆటగాళ్లకు చెప్పాలా, దాచాలా?

గుండ్లకమ్మ, ఒంగోలు:

నాలుగింటికీ కలిపి ఒకే నియమం లేదండీ, ఉండనవసరం కూడా లేదు. ఏ రియాక్షన్‌కు ఆ రియాక్షన్ వివరణలోనే దాని ట్రిగ్గర్, అంటే దాన్ని ఏ సందర్భంలో వాడవచ్చో, రాసి ఉంటుంది, ఆ వాక్యాన్ని అక్షరం పోకుండా చదివితే సగం వాదం అక్కడే ముగుస్తుంది. వివరణలో సమయం స్పష్టంగా లేనప్పుడు మాత్రం, ట్రిగ్గర్ పూర్తయిన తరువాతే రియాక్షన్ జరుగుతుందని గేమ్ మాస్టర్ల గ్రంథంలో సాధారణ సూత్రం ఇచ్చారు. ట్రిగ్గర్‌ను మధ్యలో అడ్డుకునే వాటికి ఉదాహరణలుగా అక్కడ షీల్డ్ మంత్రాన్నీ, ఆపర్చునిటీ అటాక్‌నూ (దగ్గర నుండి తప్పుకుంటున్న శత్రువును కొట్టే దెబ్బ) పేర్కొన్నారు.

మీ పోరునే తీసుకుందాము. ప్రొటెక్షన్ శైలికి ట్రిగ్గర్, ఫైటర్ కంటికి కనిపిస్తున్న శత్రువు అతనికి 5 అడుగుల లోపున ఉన్న మరొకరిపై దాడి చేయడం. అది ఇచ్చేది డిసడ్వాంటేజ్, అంటే రెండు పాచికలు వేసి తక్కువదాన్ని తీసుకోవడం, కాబట్టి పాచిక దొర్లకముందే దాన్ని ప్రకటించాలి. కటింగ్ వర్డ్స్ అలా కాదు: పాచిక పడిన తరువాత వాడవచ్చు, కానీ తగిలిందో లేదో మీరు తేల్చి చెప్పకముందే వాడాలి. షీల్డ్‌కు ట్రిగ్గర్ దెబ్బ తగలడమే. మీరు "తగిలింది" అన్న తరువాతే ఆ అమ్మాయికి అవకాశం వస్తుంది, ఆమె ఆర్మర్ క్లాస్‌కు వచ్చే 5 ఆ దెబ్బకు కూడా వర్తిస్తుంది, మళ్లీ ఆమె వంతు మొదలయ్యేదాకా నిలుస్తుంది. 15 కాస్తా 20 అయింది కాబట్టి మీ ఓగర్ వేసిన 17 తప్పిపోయినట్టే. అన్‌కానీ డాడ్జ్ కూడా దెబ్బ తగిలినప్పుడే, కాకపోతే అది దెబ్బను తప్పించదు, డ్యామేజీని సగం చేస్తుంది. 13 లో సగం కింది పూర్ణసంఖ్యకు దించి 6 అవుతుంది.

డ్యామేజీ పడిన తరువాత పనిచేసేవి కూడా కొన్ని ఉన్నాయి. అబ్సార్బ్ ఎలిమెంట్స్ అగ్ని, చలి, మెరుపు వంటి వాటి డ్యామేజీ తీసుకున్నప్పుడు వేస్తారు, అది ఆ డ్యామేజీని కూడా సగానికి తగ్గిస్తుంది. హెలిష్ రిబ్యూక్ దేన్నీ తగ్గించదు, కొట్టినవాడిని కాలుస్తుంది, అంతే.

అందువల్ల చిక్కంతా మీరు ఒక్క మాటలో చెప్పిన "తగిలింది, 13 డ్యామేజీ" దగ్గరే ఉన్నది. "ఓగర్ విజార్డ్ మీద గద ఎత్తింది" అని ఒక క్షణం ఆగండి. పాచిక వేయండి, బార్డ్ వైపు చూడండి. "తగిలింది" అని మళ్లీ ఆగండి. అప్పుడు డ్యామేజీ పాచికలు తీయండి. క్రికెట్‌లో తరువాతి బంతికి బౌలర్ పరుగు మొదలుపెట్టకముందే అప్పీలు చేయాలి, ఆ తరువాత ఎంత అరిచినా చెల్లదు. ఇక్కడ కూడా గడువు ఉన్నది, కాకపోతే ఆ గడువు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసిందో ఆటగాళ్లకు తెలిసేలా చేయవలసిన బాధ్యత మీదే. ఆ రోజు మీరు షీల్డ్‌కు వ్యవధే ఇవ్వలేదు కనుక దాన్ని అంగీకరించడమే న్యాయం. ఫైటర్ అభ్యర్థన వేరు. ఫలితం చూసిన తరువాత మళ్లీ పాచిక వేయించమనడం అవుతుంది కాబట్టి నేనైతే ఒప్పుకోను, కానీ తరువాతి దాడి నుండి అతనికి ముందుగా చెప్పి తీరుతాను.

తుమ్మలపెంట, కావలి:

పై జవాబుతో ఏకీభవిస్తున్నాను. రెండవ ప్రశ్న గురించి మాత్రం నాలుగు మాటలు రాస్తాను, ఎందుకంటే సంఖ్యను దాచాలా వద్దా అనేది పైకి మర్యాదకు సంబంధించిన విషయంలా కనిపించినా, నిజానికి షీల్డ్ మంత్రం విలువనే మార్చేస్తుంది.

మీ ఓగర్ 15 ఆర్మర్ క్లాస్‌ను తాకాలంటే పాచికలో 9 లేదా అంతకు మించి పడాలి. అంటే ఇరవై ముఖాలలో పన్నెండు ముఖాలకు దెబ్బ తగులుతుంది. షీల్డ్ వేసి ఆర్మర్ క్లాస్‌ను 20 చేసుకుంటే, 9 నుండి 13 వరకు ఉన్న అయిదు ముఖాలకు మాత్రమే దెబ్బ తప్పుతుంది. మిగిలిన ఏడు ముఖాలకు మంత్రం వేసినా తగలవలసింది తగులుతూనే ఉంటుంది. ఇక పాచికలో 20 పడితే ఆర్మర్ క్లాస్ ఎంతైనా అది క్రిటికల్ హిట్టే, షీల్డ్ ఆ దెబ్బను ఏమీ చేయలేదు. సంఖ్య చెబితే ఆ అమ్మాయి సరిగ్గా ఆ అయిదు సందర్భాలలోనే మంత్రం వేస్తుంది. దాస్తే ప్రతి దెబ్బకూ ఊహించి పందెం కాయాలి, పన్నెండు దెబ్బలలో ఏడింటి విషయంలో ఆ పందెం పోతుంది. అలా పోయినప్పుడు కూడా ఆ రౌండులో తరువాత వచ్చే దాడుల నుండి రక్షణ మిగులుతుందనుకోండి. ఒకే ఓగర్ ఎదురుగా ఉంటే అది పెద్ద ఊరట కాదు, నలుగురు చుట్టుముట్టినప్పుడు మాత్రం అదే అసలు ప్రయోజనం.

సంఖ్య చెప్పి తీరాలని 2014 నియమాలు గేమ్ మాస్టర్‌ను నిర్బంధించలేదు. షీల్డ్ వంటి మొదటి స్థాయి మంత్రానికి అంత నిశ్చయం అక్కరలేదని నా అభిప్రాయం. మా బల్ల దగ్గర "తగిలింది" అని మాత్రమే చెబుతాను. అయితే పాచికలను తెర వెనుక వేయకుండా అందరి ముందూ వేసేవారు ఈ దాపరికానికి ప్రయత్నించడం వృథా ప్రయాస, రెండు పోరులు ముగిసేసరికి ఓగర్ దాడికి ఎంత కలుస్తుందో ఆటగాళ్లే లెక్క కట్టేస్తారు.

మీ రోగ్ కోరికకు నియమం ఆధారం ఇవ్వదు. అన్‌కానీ డాడ్జ్‌ను దెబ్బ తగిలిందని తెలిసినప్పుడే ప్రకటించాలి, డ్యామేజీ ఎంతో చూసి కాదు. అయినా అతనికి దాని వల్ల మంత్రాల ఖాతాలో తరుగుదల ఏమీ ఉండదు, ఆ రౌండుకు ఉన్న ఒక్క రియాక్షన్ పోతుంది, అంతే. ఆపర్చునిటీ అటాక్ కోసం దాచుకోవాలా, ఇప్పుడే దెబ్బను సగం చేసుకోవాలా అని తడబడడంలోనే రోగ్ పాత్ర ఆటలోని రుచి ఉన్నది. దాన్ని తీసివేయకండి.

పెన్నాతీరం, నెల్లూరు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఒక అనుబంధ ప్రశ్న: బార్డ్, విజార్డ్ ఇద్దరూ ఒకే దాడికి స్పందిస్తామంటే ముందు ఎవరిది?

గుండ్లకమ్మ, ఒంగోలు:

ట్రిగ్గర్లు వేరు కాబట్టి వరుస దానంతట అదే వస్తుంది. కటింగ్ వర్డ్స్ ముందు. అయిదవ స్థాయి బార్డ్ వేసేది ఎనిమిది ముఖాల పాచిక. అందులో 3 లేదా అంతకు మించి పడితే మీ 17 కాస్తా 14 లేదా ఇంకా తక్కువ అవుతుంది, దెబ్బ తప్పుతుంది. తగలనే లేదు కనుక షీల్డ్‌కు ట్రిగ్గర్ రాదు, విజార్డ్ మంత్రమూ రియాక్షనూ రెండూ మిగులుతాయి. 1 గానీ 2 గానీ పడితే మాత్రమే ఆమె ఆలోచించుకోవాలి.

చీమకుర్తి రాయి, ప్రకాశం జిల్లా:

నేను పాత్‌ఫైండర్ అనే ఇలాంటి మరో ఆట రెండవ ఎడిషన్ ఆడేవాణ్ణి, మీ వాదం చూసి కొంత ఆశ్చర్యపోయాను. మా ఆటలో ప్రతి రియాక్షన్‌కూ ట్రిగ్గర్ అనే శీర్షిక విడిగా ముద్రించి ఉంటుంది. రోగ్ వాడే నింబుల్ డాడ్జ్ శత్రువు గురి పెట్టినప్పుడు, ఫైటర్ వాడే రియాక్టివ్ షీల్డ్ దగ్గరి నుండి కొట్టిన దెబ్బ తగిలినప్పుడు, షీల్డ్ బ్లాక్ డ్యామేజీ పడబోయేటప్పుడు. మొదటిదానికి తెగింపు కావాలి, రెండవదానికి లెక్క కావాలి, మూడవదానికి డాలు విరిగినా పరవాలేదనే మనసు కావాలి. 2008 లో వచ్చిన మీ నాలుగవ ఎడిషన్ కూడా ఇమ్మీడియట్ ఇంటరప్ట్ అనీ ఇమ్మీడియట్ రియాక్షన్ అనీ రెండు వేరు పేర్లు పెట్టి, మొదటిది ట్రిగ్గర్ ఫలితం తేలకముందే జరుగుతుందనీ రెండవది ఆ తరువాత జరుగుతుందనీ తేల్చి చెప్పింది. అయిదవ ఎడిషన్ వాళ్లు రెండింటినీ ఒకే మాటలో కలిపివేశారు. చదవడానికి హాయిగా ఉంటుంది గానీ పోరు మధ్యలో ఇలా నలుగురూ ఒకేసారి చేతులెత్తుతారు.

మీ 2024 పుస్తకంలో ఈ ఇబ్బంది కొంత తగ్గింది. అందులో ప్రొటెక్షన్ శైలి ఒక్క దాడితో ఆగకుండా, ఫైటర్ 5 అడుగుల లోపునే ఉన్నంత వరకు అతని తరువాతి వంతు మొదలయ్యేదాకా ఆ మిత్రుని మీద వచ్చే దాడులన్నిటికీ డిసడ్వాంటేజ్ ఇస్తుంది. ఒకసారి ముందుగా ప్రకటిస్తే చాలు కనుక, ప్రతి పాచికకూ ముందు ఆగవలసిన పని మీకు తప్పుతుంది. మొత్తం పుస్తకం మార్చడం ఇష్టం లేకపోతే ఆ ఒక్క నియమాన్ని తెచ్చుకోవచ్చు.

పెన్నాతీరం, నెల్లూరు:

ప్రొటెక్షన్‌కు ఆ మార్పును వచ్చే ఆదివారం నుండి అమలు చేస్తాము. సంఖ్యను దాచే విషయం ఆటగాళ్లకే వదిలేస్తాను. చివరిగా ఒక్కటి: కోటలో ముందు ముందు ఒక శత్రు మాంత్రికుడు రాబోతున్నాడు. అతను మంత్రం వేసేటప్పుడు దాని పేరు చెప్పిన తరువాత కౌంటర్‌స్పెల్‌కు (ఎదుటివారి మంత్రాన్ని అడ్డుకునే మంత్రానికి) అవకాశం ఇవ్వాలా?

తుమ్మలపెంట, కావలి:

పేరు చెప్పకండి. "మాంత్రికుడు ఏదో మంత్రం వేస్తున్నాడు" అని ఆగండి. కౌంటర్‌స్పెల్‌కు ట్రిగ్గర్, 60 అడుగుల లోపున ఎవరైనా మంత్రం వేయడాన్ని చూడటమే గాని, అది ఏ మంత్రమో తెలియడం కాదు. 2017 లో వచ్చిన అనుబంధ గ్రంథంలో మంత్రాన్ని గుర్తుపట్టడానికి ఒక ఐచ్ఛిక నియమం ఉన్నది. దాని ప్రకారం మంత్రం పడుతుండగానే గుర్తుపట్టాలంటే ఒక రియాక్షన్ ఖర్చు పెట్టి, 15 కు మంత్రం స్థాయిని కలిపిన సంఖ్యను ఆర్కానా (మంత్రజ్ఞానం) పాచికతో అందుకోవాలి. గుర్తుపట్టినవారికి ఇక అడ్డుకోవడానికి రియాక్షన్ మిగలదు. మీ బార్డ్ గుర్తుపట్టి కేక వేస్తే విజార్డ్ అడ్డుకోవచ్చా అన్నది మీరు తేల్చవలసిన విషయం, నేనైతే ఒప్పుకుంటాను. మాంత్రికుడికి కూడా కౌంటర్‌స్పెల్ ఇచ్చి ఉంటే, మీ విజార్డ్ వేసే షీల్డ్‌ను అతను అడ్డుకోగలడని ఆమెకు మాత్రం ముందుగా చెప్పకండి.