"అండం ఫలదీకరణ చెందింది": ఈ 'చెందు' మీద మీరేమంటారు?

అందరికీ నమస్తే. బయాలజీ పాఠం ఒకటి తెలుగులో రాస్తూ క్రియల దగ్గర ఆగిపోయాను. "శుక్రకణం అండాన్ని చేరి, పొరను ఛేదించుకుని లోపలికి చొచ్చుకుపోతుంది, అండం ఫలదీకరణ చెందుతుంది." మనందరం చదువుకున్న తరహా వాక్యమే కదా. చేరడం, ఛేదించడం, చొచ్చుకుపోవడం, కోట ముట్టడిలో వాడే క్రియలన్నీ శుక్రకణానికి ఇచ్చేశాం, అండానికి మిగిలింది ఒక్క 'చెందు'.

జరిగేది చూస్తే అలా లేదు. శుక్రకణానికి ముందుకి పొడుచుకెళ్లే బలం చాలా తక్కువ, పక్కలకి కొట్టుకునే బలమే ఎక్కువ, అండం పైపొర దాన్ని పట్టి ఉంచకపోతే జారిపోతుంది. అండం చుట్టూ ఉండే ద్రవంలోని రసాయనాలు కూడా శుక్రకణాల్ని తమ వైపు లాగుతాయి. ఎమిలీ మార్టిన్ అనే ఆంత్రపాలజిస్ట్ 1991లోనే ఇంగ్లీషు పాఠ్యపుస్తకాల్లో ఇదే చూపించారు, సాహసం చేసే మగాడు, ఎదురుచూస్తూ కూర్చునే ఆడది అనే కథని కణాల మీద రుద్దేశారని. మన తెలుగులోకి ఆ కథ అలాగే వచ్చేసింది.

— రిప్లై: మాట మారిస్తే సైన్స్ మారుతుందాండీ?

— ఫలితం మారదు, అడిగే ప్రశ్న మారుతుందండి. అండం ఊరికే ఉంటుందనుకున్నవాళ్లు అది ఏం చేస్తుందో ఎందుకు వెతుకుతారు? శుక్రకణం మీద ఇజుమో అనే ప్రోటీన్ 2005లో దొరికింది, జపాన్‌లో పెళ్లిళ్లకి ప్రసిద్ధమైన ఒక గుడి పేరు పెట్టారు. అండం మీద దాన్ని పట్టుకునే ప్రోటీన్ 2014లో దొరికింది, దానికి రోమన్ల వివాహ దేవత జూనో పేరు. రెండూ కలిస్తేనే పని జరుగుతుంది, ఆ తర్వాత అండం జూనోని వదిలించుకుని ఇంకో శుక్రకణం రాకుండా చూసుకుంటుంది. ఇన్ని పనులు చేసేదాన్ని పట్టుకుని 'చెందింది' అంటే నాకు బాధగా ఉంది.

— రిప్లై: అయితే "అండం వలవేసి పట్టుకుంటుంది" అని రాయండి మేడమ్.

— వద్దండి. మార్టిన్ దాని గురించి కూడా హెచ్చరించారు, కొత్త విషయాలు తెలిశాక కొందరు అండాన్ని మాటువేసే సాలెపురుగులా రాశారట. పాత్రలు తిరగేసినా కథ అదే.

— రిప్లై: పేర్లూ చూడండి. వీర్యం అంటే పరాక్రమం, రజస్సు అంటే దుమ్ము.

— రిప్లై: రజస్సుకి పుప్పొడి అనే అర్థం కూడా ఉందండి, మొక్కల్లో మగ బీజకణాల్ని మోసేది పుప్పొడే. కాబట్టి నింద మొత్తం మాట మీద వేయలేం, ఏ అర్థాన్ని ఎవరికి అంటగట్టామన్నది చూడాలి.

— చాలా మంచి పాయింట్. ఫలదం అంటే ఫలాన్ని ఇచ్చేది, ఫలదీకరణ అంటే ఇంకెవరో వచ్చి దాన్ని అలా చేయడం, నాకు గుచ్చుకునేది అక్కడే. కానీ మన పుస్తకాల్లోనే 'సంయోగబీజాలు' (శుక్రకణానికీ అండానికీ ఉమ్మడి పేరు), 'సంయుక్తబీజం' (అవి రెండూ కలిసి ఏర్పడే కణం) అనే పేర్లున్నాయి, రెండు వైపులకీ సమానంగా, ఎంత బాగున్నాయో. నా వాక్యం ఇలా మార్చాను: "శుక్రకణం, అండం ఒకదాన్నొకటి గుర్తుపట్టి అతుక్కుంటాయి, వాటి పొరలు కలిసిపోయి సంయుక్తబీజం ఏర్పడుతుంది." పరీక్షల్లో 'ఫలదీకరణ' అనే అడుగుతారు కాబట్టి హెడ్డింగ్ అదే ఉంచుతున్నా. 'అతుక్కుంటాయి' కన్నా మంచి క్రియ తడితే చెప్పండి.