ములుగు రోడ్డులో మూతబడ్డ ఆ రిసార్టును మళ్లీ తెరవాలా, కూల్చేయాలా?

ఓరుగల్లు_బాటసారి:
మొన్న లక్నవరం పోతూ, ములుగు దాటాక హైవే పక్కనున్న ఆ పాత రిసార్టు దగ్గర బండి ఆపాను. గేటు తుప్పు పట్టింది, కాటేజీల మధ్య సర్కారు తుమ్మలు మనిషెత్తు పెరిగాయి, రిసెప్షన్‌లో ఒక్క అద్దం మిగల్లేదు. గోడకు బ్యాంకు వేలం నోటీసు. పెళ్లైన కొత్తలో మేము దిగింది అక్కడే, తర్వాత పిల్లలతో దాదాపు ప్రతి ఎండాకాలం పోయేవాళ్లం. పొద్దున లక్నవరం వేలాడే వంతెన, సాయంత్రం రామప్ప, రాత్రి లాన్‌లో కొర్రమీను ఫ్రై. ఎవరు కొన్నా కూల్చకుండా బాగుచేసి నడపాలి. 2021లో రామప్పకు యునెస్కో గుర్తింపు వచ్చింది, ఇప్పుడైతే నడుస్తుంది. మీరేమంటారు?

కాజీపేట_జంక్షన్:
కూల్చాలి. రాత్రయితే తాగేవాళ్ల అడ్డా.

లెక్కల_మాస్టారు:
అసలు అందులో స్విమ్మింగ్ పూల్ ఉండేదా అని నా ప్రశ్న. బ్రోచర్‌లో నీలం నీళ్లు చూసి పిల్లల్ని తీసుకుపోతే అడుగున పాచి, రెండు కప్పలు. అడ్వాన్సు వాపసు అడిగితే మేనేజర్ మొహం చాటేశాడు.

స్టీవర్డ్_అన్న:
బాటసారి సార్, ఆ కొర్రమీను ప్లేట్లు మోసినవాళ్లలో నేనొకణ్ణి. మీకు లాన్ గుర్తుంది, నాకు 2020 ఫిబ్రవరి గుర్తుంది. మేడారం జాతరకు రూములన్నీ ఫుల్, రేటు మూడింతలు, మా క్వార్టర్లు కూడా గెస్టులకే ఇచ్చేశారు, మేము డైనింగ్ హాల్లో టేబుళ్ల కింద పడుకున్నాం. జాతర అయ్యాక జీతం, ఓవర్‌టైమ్ కలిపి ఇస్తామన్నారు. మార్చి 22న జనతా కర్ఫ్యూ, ఆ వెంటనే లాక్‌డౌన్, ఇంటికి పొమ్మన్నారు. ఇంతవరకు పిలుపు లేదు, పైసా లేదు. జీతం స్లిప్పులో పీఎఫ్ కోత ఉంది, పాస్‌బుక్‌లో జమ లేదు. తెరుస్తారో కూలుస్తారో నాకెందుకు?

ఓరుగల్లు_బాటసారి:
మీ బాధ కాదనడం లేదు. కానీ చర్చ బిల్డింగ్ గురించి కదా. కరోనాలో అందరమూ నష్టపోయాం, మా షాపు కూడా నెలల తరబడి మూసుకున్నాం.

లెక్కల_మాస్టారు:
పూల్ గురించి ఎవరూ చెప్పరే?

స్టీవర్డ్_అన్న:
నీళ్లుండేవి మాస్టారూ, ఎవరైనా పెద్ద గెస్టు వస్తున్నాడంటే ట్యాంకర్ తెప్పించి నింపేవాళ్లు. మిగతా రోజులు కప్పలకే. ఇక వదలండి.

లెక్కల_మాస్టారు:
అంటే బ్రోచర్ అబద్ధమే. థాంక్స్.

జాకారం_పిల్ల:
మా అమ్మ అక్కడ హౌస్‌కీపింగ్. ఆ చివరి నెలల జీతం మాక్కూడా రాలేదు. 'షాపు మూసుకున్నాం' అంటున్న సార్‌కు ఒక్క మాట. మీ షాపు మళ్లీ తెరుచుకుంది కదా? ప్రతి ఎండాకాలం వచ్చేవాళ్లం అంటున్నారు, పరుపులు సర్దిన మనిషి పేరు ఒక్కటైనా తెలుసా?

ఓరుగల్లు_బాటసారి:
నన్ను నిలదీస్తే లాభమేంటమ్మా? నేను ఓనర్నా? సరే, మొహమాటం లేకుండా చెప్తాను. కొనేవాడి నెత్తిన పాత బాకీలు పెట్టారంటే ఒక్కడు కూడా రాడు. అదట్లాగే శిథిలమైపోతుంది, మీ ఊరి పిల్లలకు కొత్త ఉద్యోగాలూ రావు. పాతవి పట్టుకుని కూర్చుంటే ఎట్లా?

స్టీవర్డ్_అన్న:
ఇన్ని పోస్టుల తర్వాత అసలు మాట బయటికొచ్చింది. ఉద్యోగం కావాలంటే మా జీతం మర్చిపోవాలి! బ్యాంకు మాత్రం తన బాకీ మర్చిపోలేదు సార్, నోటీసు గోడకే ఉంది. మీరే చూశారు.

కాజీపేట_జంక్షన్:
😂 కరెక్ట్.

హన్మకొండ_వకీలు:
కొట్లాట ఆపి ఇది చదవండి. జీతం బాకీ వేరు, పీఎఫ్ బాకీ వేరు. యజమాని కట్టని పీఎఫ్‌కు ఆ సంస్థ ఆస్తుల మీద మొదటి హక్కు చట్టంలోనే ఉంది, మిగతా అప్పులకన్నా ముందు. కాబట్టి వేలం అయ్యేలోపు పీఎఫ్ ఆఫీసులో ఫిర్యాదు పెట్టండి, స్లిప్పులు, పాస్‌బుక్ ప్రింటు జత చేయండి, వేలం వేసే బ్యాంకుకూ ఒక కాపీ పంపండి. అయిదేళ్లు నిండినవాళ్లకు గ్రాట్యుటీ కూడా రావాలి, ఏడాదికి పదిహేను రోజుల జీతం లెక్క. ఒక్కొక్కరు కాకుండా అందరూ కలిసి పోతే మేలు.

జాకారం_పిల్ల:
అమ్మ దగ్గర స్లిప్పులు లేవండీ, చేతికిచ్చేవాళ్లు కాదు. ఐడీ కార్డు ఉంది.

హన్మకొండ_వకీలు:
కార్డు దాచండి. జీతం బ్యాంకు ఖాతాలో పడేదైతే ఆ స్టేట్‌మెంట్ తీయించండి.

ఓరుగల్లు_బాటసారి:
కొనాలనుకునేవాళ్లు ఇదంతా చదివితే వెనక్కి తగ్గుతారు, చూస్తూ ఉండండి.

స్టీవర్డ్_అన్న:
చదవాలనే రాస్తున్నాను. మన బ్యాచ్‌లో కిచెన్, గార్డెన్, సెక్యూరిటీ వాళ్లెవరైనా ఇక్కడుంటే మెసేజ్ పెట్టండి. స్లిప్పులు లేకున్నా ఫర్వాలేదు.