గ్రెనాడా స్పిండిళ్లు 1966 మస్టాంగ్‌కి పెట్టొచ్చా? బోల్టు పడితే చాలా?

ఆరుసిలిండర్
నాది 1966 మస్టాంగ్, 200 క్యూబిక్ ఇంచుల ఆరు సిలిండర్ల ఇంజన్. చక్రానికి నాలుగే బోల్టులు, బ్రేకులన్నీ డ్రమ్ములే. మొన్న ఒహాయో వానలో సిగ్నల్ దగ్గర బండి ఆగేసరికి నాకు చెమటలు పట్టాయి. మా వీధిలో ఒక పెద్దాయన 1970ల ఫోర్డ్ గ్రెనాడా నుంచి విప్పిన ముందు స్పిండిళ్లు (ముందు చక్రం తిరిగే ఇరుసు ముక్కలు), డిస్కులు, కాలిపర్లు (డిస్కును నొక్కి పట్టేవి) కలిపి చవగ్గా ఇస్తానంటున్నాడు. "ఉన్నదున్నట్టు ఎక్కించెయ్" అంటాడు. నమ్మొచ్చా?

పాతఇనుము
కళ్లు మూసుకుని తీసుకోండి. 1960 ఫాల్కన్, మస్టాంగ్, మావెరిక్, 1975 గ్రెనాడా, అన్నీ ఒకే ఇంటి పిల్లలు. మీ బాల్ జాయింట్లే (స్పిండిల్‌ను ఆర్మ్‌లకి కలిపే గుండ్రటి కీళ్లు) అందులో కూర్చుంటాయి. నా 1965 బండికి పెట్టి తొమ్మిదేళ్లయింది, రోడ్డు మీదే ఉన్నాను.

టెక్సస్_బావ
పాతఇనుము గారూ, మిగతా సగం కూడా చెప్పండి. గ్రెనాడా స్టీరింగ్ ఆర్మ్‌లో టై రాడ్ (స్టీరింగ్‌ని చక్రానికి కలిపే కడ్డీ) పట్టే చోటు ఎత్తు వేరు. చక్రం గుంతలో దిగి లేచినప్పుడు చక్రాన్ని మోసే కింది కంట్రోల్ ఆర్మ్ ఒక వంపులో, టై రాడ్ ఇంకో వంపులో తిరుగుతాయి. రెండూ కలవకపోతే మీరు స్టీరింగ్ కదపకుండానే చక్రం లోపలికో బయటికో తిరుగుతుంది. దీన్నే బంప్ స్టీర్ అంటారు. అలైన్‌మెంట్ షాపులో ఇది దొరకదు, అక్కడ బండి కదలకుండా నిలబడి ఉంటుంది కదా! పైగా ఆరు సిలిండర్ల బండికి స్టీరింగ్ రాడ్లే సన్నవి. అవి వీ8 (ఎనిమిది సిలిండర్ల) బండివి వేయాలి. ముందు అయిదు బోల్టులు వచ్చాక వెనక నాలుగు ఉంటే స్టెప్నీ దేనికి పడుతుంది? అంటే ఆక్సిల్ కూడా మార్చాలి.

పాతఇనుము
బావగారూ, మనమేం రేసులకి వెళ్తున్నామా? ఆదివారం కాఫీకి వెళ్లే బండి. కొత్తగా పోసిన నకలు భాగాలు అంతకంటే గొప్పవా? నేను కొన్న ఒక బాల్ జాయింట్ ఏడాదిలోనే లూజయింది. ఫ్యాక్టరీ ఇనుము మీదే నాకు నమ్మకం.

డార్ట్‌వాలా
ఫోర్డ్ వాళ్ల గొడవలో మోపార్ వాణ్ని (అంటే క్రైస్లర్, డాడ్జ్ బండ్ల వాణ్ని) దూరుతున్నాను, క్షమించండి. మాకూ ఇదే తంటా. 1973 నుంచి వచ్చిన డాడ్జ్ డార్ట్ డిస్క్ స్పిండిల్‌ను పాత డార్ట్‌కి పెట్టాలంటే పై బాల్ జాయింట్ పెద్దది కాబట్టి పై కంట్రోల్ ఆర్మ్ కూడా తెచ్చుకోవాలి. మాది మొదట్లోనే పట్టదు కాబట్టి మోసం వెంటనే తెలుస్తుంది. మీది పట్టేస్తుంది, అదే ప్రమాదం. జంక్‌యార్డ్ వాళ్లు చూసే హోలాండర్ నంబర్లు ఏ భాగం దేనికి నేరుగా సరిపోతుందో చెబుతాయి. "నేను పెట్టాను, నడుస్తోంది" అనేది వేరే సంగతి. ఈ రెంటినీ కలిపేస్తున్నారు మీరు.

పాతఇనుము
సరే, గుంతలో నా బండి కాస్త పక్కకి లాగుతుంది, ఒప్పుకుంటాను. అలవాటైపోయింది.

టెక్సస్_బావ
అలవాటైంది మీకు. రేపు మీ అబ్బాయి నడిపితే?

ఆరుసిలిండర్
సెట్ అరువు తెచ్చి ఒక వైపు బిగించి చూశాను. కాయిల్ స్ప్రింగ్ తీసేసి, స్టీరింగ్ కదలకుండా కట్టి, కింద జాక్ పెట్టి చక్రాన్ని రెండంగుళాలు పైకి, రెండంగుళాలు కిందికి ఆడించాను. డిస్కుకి చెక్క కట్టి ముందూ వెనకా టేపుతో కొలిచాను. టేపు అక్కర్లేదు, తిరగడం కంటికే కనిపించింది. పెద్దాయన సెట్ తిరిగి ఇచ్చేశాను, ఆయనకి కోపం వచ్చింది. ఇప్పుడు 1965-66 వీ8కి ఫ్యాక్టరీ ఇచ్చిన నాలుగు పిస్టన్ల డిస్క్ సెట్‌కి నకలు చూస్తున్నాను. బావగారూ, వెనక ఆక్సిల్‌కి మావెరిక్ వీ8 ది వెతకమంటారా? నా 1966లో మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేకులకి ద్రవం తోసేది) ఒకే గదిది, దాన్నీ రెండు గదులది చేయాలనుకుంటున్నాను.

టెక్సస్_బావ
మాస్టర్ సిలిండర్ ముందు చెయ్యి తమ్ముడూ. ఆక్సిల్ తర్వాత. కొనేముందు వెడల్పు నువ్వే టేపుతో కొలుచుకో, పెద్దాయన మాట మీద కాదు.