కడపలో రాత్రి పూట చూడ్డానికి, తినడానికి ఏమున్నాయండి? ఫ్రెండ్స్ వస్తున్నారు

గోదారబ్బాయి
నమస్తే అండి. మాది రాజమండ్రి, ట్రాన్స్‌ఫర్ మీద కడప వచ్చి నాలుగు నెలలైంది. బెంగళూరు నుంచి ముగ్గురు ఫ్రెండ్స్ వస్తామంటున్నారు, వాళ్ళు అక్కడ పబ్బులూ కేఫులూ అన్నీ తిరిగేసినోళ్ళు, మాకవేం వద్దు మీ ఊళ్ళో తప్ప ఇంకెక్కడా దొరకనిది చూపించు అంటున్నారు. గండికోట ఎలాగూ తీసుకెళ్తా. చీకటి పడ్డాక ఏం చేయాలన్నదే తెలియట్లేదు. డేట్లు ఇంకా అనుకోలేదు, ఎప్పుడు రమ్మంటే బావుంటుందో కూడా చెప్పండి ప్లీజ్.

ఏడురోడ్ల పిల్లోడు
అన్నా ముందు తిండి సంగతి చెప్తా. పొద్దుగూకినాక ఏడు రోడ్ల కాడ్నుంచి నడ్సుకుంటా పోండి, కార్లో పోతే ఏం తెలీదు. కారం దోశ తినకుండా వాళ్ళని బస్సెక్కించొద్దు. ఎండు మిరపకాయలు తెల్లగడ్డలు వేసి నూరిన ఎర్రకారం, దోశ పెనం మీద ఉన్నప్పుడే పూసి పైన పప్పులపొడి చల్లుతారు, ఆ వాసనకే ఆకలైతాది. కొత్తోళ్ళు కాబట్టి కారం కొంచెం తక్కువెయ్యమని ముందే చెప్పండి. ఇంకోరోజు రాత్రి రాగి సంగటి, నాటుకోడి పులుసు. సంగటి నమలకూడదని చెప్పండన్నా, ముద్ద తుంచి పులుసులో అద్ది మింగెయ్యాల. చికెన్ తిననోళ్ళుంటే చెనిగ్గింజల ఊరిబిండి, అదే వేరుశెనగ పచ్చడితో పెట్టించండి, నాకైతే అదే ఇష్టం. రంజాన్ నెల అయితే హలీం కూడా ఉంటాది.

పాతకడప అక్క
నాయనా, కడపలో రాత్రి చూడాలంటే టైమ్ చూసుకుంటే చాలదు, క్యాలెండర్ చూసుకోవాల. పెద్ద దర్గాకి ఎప్పుడైనా పోవచ్చు, సాయంత్రం పోయి కాసేపు ఊరికే కూర్చోండి, మనసు నెమ్మదిస్తాది. ఉరుసు రోజుల్లో అయితే ఖవ్వాలీలు, ముషాయిరాలు అంటే ఉర్దూ కవి సమ్మేళనాలు. ఏ.ఆర్. రెహమాన్ ఎన్నోసార్లు వచ్చిన దర్గా అది, 2024 నవంబర్లో ముషాయిరాకి రామ్ చరణ్ కూడా వచ్చినాడు. ఉరుసు చాంద్రమానం లెక్క కాబట్టి ఏటా పది పదకొండు రోజులు ముందే వస్తాది, కనుక్కొని రమ్మనండి.

నన్నడిగితే మాత్రం చైత్ర మాసంలో పిలిపించు. ఉగాది రోజు దేవుని కడపకి తీసుకుపో, ముస్లింలు కొబ్బరికాయలు తీసుకొని వెంకన్న గుడికొస్తారు, బీబీ నాంచారమ్మ తమ ఆడపడుచని. మా అమ్మ చెయ్యి పట్టుకొని పోయినప్పట్నుంచి చూస్తున్నా, ఇప్పటికీ ఆ రోజు ఆ లైన్లో నిలబడితే నాకు కళ్ళు చెమర్చుతాయి. రెండు వారాలకి ఒంటిమిట్ట కల్యాణం. అన్ని చోట్లా సీతారాముల పెళ్ళి పగలు, ఒంటిమిట్టలో మాత్రం రాత్రి, వెన్నెల్లో. పగటిపెళ్ళి నేను చూడలేనని చంద్రుడు బాధపడితే స్వామి మాటిచ్చినాడని చెప్తారు. ఇంతకన్నా మంచి నైట్‌లైఫ్ ఏ ఊళ్ళో ఉంటాది చెప్పు.

ప్రొద్దుటూరోణ్ణి
అక్క చెప్పింది కరెక్టే గానీ దసరాని వదిలేసింది. దసరాకి మా ప్రొద్దుటూరు రావాల బ్రో, అమ్మవారిశాల అలంకారాలు, విజయదశమి రాత్రి తొట్టి మెరవణి అని అమ్మవారి ఊరేగింపు, ఊరంతా తెల్లార్లూ మేల్కొనే ఉంటాది. ఇంకోటి, పగలు తీరికుంటే కడపలోనే బ్రౌన్ లైబ్రరీకి పోండి, 1820లో ఈడికి ఉద్యోగానికొచ్చిన బ్రౌన్ దొర తర్వాత కొనుక్కున్న బంగళా స్థలంలోనే ఉంది. తాళపత్రాలు చూపిస్తారేమో అడగండి. సురభి నాటకాలు కూడా 1885లో మన జిల్లా సురభి ఊళ్ళోనే మొదలైనాయి, కీచకవధతో. ఇప్పుడు అవి చూడాలంటే హైదరాబాద్ పోవాల్సొస్తాంది, పుట్టిన గడ్డ మీద నెలకొక్క ఆటైనా పడాలని నా కోరిక.

గోదారబ్బాయి
అక్కా, ఫ్రెండ్స్‌కి మీ మెసేజ్ చదివి వినిపించా, ఒంటిమిట్ట కల్యాణానికే వస్తామన్నారు. బండ్లలో వెళ్ళొచ్చా?

పాతకడప అక్క
పాతిక కిలోమీటర్లే గానీ బండ్లొద్దు నాయనా, ఆ రాత్రి రోడ్డంతా జనమే. కల్యాణానికి స్పెషల్ బస్సులేస్తారు, వాటిల్లో పోండి. ఎండుండంగానే చేరుకొని ముందు గుడి చూడండి, మండపం స్తంభాల మీద శిల్పాలు వెలుతుర్లోనే బాగా కనపడతాయి. కల్యాణ వేదిక గుడికి విడిగా ఉంటాది. కింద పరుచుకోను ఒక దుప్పటి, నీళ్ళ బాటిళ్ళు పెట్టుకోండి. చైత్రంలో మా కడప ఎండ పొద్దుగూకినా నేలలోంచి కొడతానే ఉంటాది.