ఫిలోడెండ్రాన్ ఊడలు కోసెయ్యాలా, ఉంచాలా?

కుండీతోట: నా సెల్లోమ్ ఫిలోడెండ్రాన్‌కి ఆరేళ్లు. చీలికలు చీలికలుగా ఉండే ఆకు ఒక్కోటి మూరన్నర దాటింది. కాండం నుంచి మర్రికి దిగినట్టు ఊడలు దిగుతున్నాయి. ఒకటైతే పక్క కుండీలోకి దూరింది! చూస్తేనే చిరాకు. అన్నీ కోసేద్దామా?

ఆకుపచ్చ: నిక్షేపంగా కోసెయ్యండి. నేను ఏటా కోస్తాను, మొక్క హాయిగా ఉంది. దానికి తిండి పెట్టేది కుండీలోని వేళ్లు.

పాతవేరు: ఆకుపచ్చ గారూ, మీది చిన్న మొక్క అయ్యుంటుంది. దీని సొంత ఊరు బ్రెజిల్, పరాగ్వే వైపు అడవులు. అక్కడ నేల మీదే కాదు, చెట్ల మీదా పెరుగుతుంది. పట్టుకోవడానికీ, నీళ్లు పీల్చుకోవడానికీ ఈ ఊడలే ఆధారం. నేనూ ఒకప్పుడు శుభ్రంగా ఉంటుందని మూడు కోశాను. కాండం అప్పటికే ఓ పక్కకి ఒరిగి ఉంది. రెండు కొత్త ఆకులు విచ్చుకున్నాయో లేదో, కుండీతో సహా బోర్లా పడింది. ఆకు రాలిన చోట కాండం మీద కళ్లలాంటి మచ్చలుంటాయే, సరిగ్గా అక్కడే విరిగింది.

ఆకుపచ్చ: అది కుండీ చిన్నదవడం వల్ల. నేరం ఊడల మీదకి నెట్టకండి.

పాతవేరు: కుండీ చిన్నదే, ఒప్పుకుంటాను. అయినా అన్నాళ్లూ నిలబెట్టింది ఆ మూడే కదా?

మొలక: మాన్‌స్టెరాకీ ఇదే లెక్కా?

పాతవేరు: ఊడల విషయంలో దాదాపు అంతే, కానీ అది వేరే మొక్క. దాని ఆకు మధ్యలో చిల్లులు కూడా పడతాయి, దీనికి అంచు నుంచి చీలికలే. అన్నట్టు, 2018లో శాస్త్రవేత్తలు దీన్ని థామటోఫిల్లం అనే ప్రజాతిలోకి మార్చారు. మనం మాత్రం పాత పేరే పట్టుకు వేలాడుతున్నాం. కుండీతోట గారూ, మట్టిని తాకినవి ముట్టుకోకండి. గాల్లో ఎండినవి తీసేసినా నష్టం లేదు. గ్లవ్స్ మర్చిపోకండి, రసంలో కాల్షియం ఆక్సలేట్ సూదులుంటాయి.

ఆకుపచ్చ: ఎండినవి కోయమనే కదా నేనూ అన్నది!

పాతవేరు: "నిక్షేపంగా కోసెయ్యండి" అన్నారండీ. పైన అలాగే ఉంది.

కుండీతోట: ఎండిన రెండు తీసేశాను. పక్క కుండీలోకి దూరినదాన్ని మెల్లగా లాగి సొంత కుండీ మట్టిలోనే పాతాను. గ్లవ్స్ మాట చదివేసరికి ఆలస్యమైంది, మణికట్టు ఒకటే దురద.