అప్‌డేట్: నాన్నగారి ఇంట్లో వాటాల సంగతి

నాన్న వీలునామా రాయకుండా పోయారు, ఇంటిపన్ను అన్నయ్య పేరుకు మారింది, పెళ్ళైన అక్కకూ నాకూ వాటా ఉంటుందా అని అడిగాను. ఉంది. ఇల్లు నాన్న స్వార్జితం కాబట్టి 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మ, అన్నయ్య, అక్క, నేను తలా నాలుగో వంతు. పన్ను రసీదు కట్టినవాళ్ళను చూపుతుందే గాని యాజమాన్యం ఇవ్వదు.

ఇల్లు అన్నయ్యే ఉంచుకుంటాడు. మా రెండు వాటాలకు డబ్బిస్తాడు. పెద్దమనుషులు వంద రూపాయల స్టాంపు కాగితం మీద "ఇందుమూలంగా మా హక్కు వదులుకుంటున్నాము" అని రాసి సంతకాలు పెట్టమన్నారు. పెట్టలేదు. స్థిరాస్తిలో హక్కు ఆ కాగితంతోనే వదులుకుంటే దాన్ని రిజిస్టర్ చేసి తీరాలి. లేకపోతే రేపు బ్యాంకు లోనుకూ, అమ్మకానికీ పనికిరాదు, అన్నయ్యకే నష్టం.

అందుకే ముందు ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, ఈసీ (ఇంటి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే పత్రం), లింకు డాక్యుమెంట్లు (ఇల్లు ఇదివరకు ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చూపే పాత దస్తావేజులు) తీయించి, హక్కు విడుదల దస్తావేజు రిజిస్టర్ చేయిస్తున్నాం. అన్నయ్య మాకిచ్చే డబ్బు తాలూకు డీడీ (బ్యాంకు డిమాండ్ డ్రాఫ్టు) నంబర్లు అందులోనే రాస్తారు, డీడీలు చేతికొచ్చాకే సంతకాలు.

అమ్మ వాటా మాత్రం అమ్మ పేరునే ఉంటుంది. దాన్ని కూడా ఇప్పుడే రాయించేద్దామన్నారు కొందరు. ఆ మాటకు మేం ముగ్గురం ఒప్పుకోలేదు.